బాప్తిస్మం లేని చేతులు

ఆ శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది ముగ్గురం. నాయనమ్మ తన గదిలో నోరు తెరుచుకుని నిద్రపోతోంది. మా అక్క లిడియాన్ పెరట్లో బట్టలుతికే కొట్టు మెట్టు మీద కూర్చుని, తలంటుకున్న జుట్టు ఎండలో ఆరబెట్టుకుంటోంది. నేను ఆ కొట్టు గుమ్మంలో నిలబడి ఉన్నాను. నాన్న ఎండుగడ్డి ఎత్తించడానికి పక్క పొలానికి వెళ్ళాడు. అమ్మ ఎవరింట్లోనో బొంత కుడుతోంది. మిగతా అయిదుగురు అక్కలూ అన్నలూ ఎప్పుడో పెళ్ళిళ్ళు చేసుకుని వేరే పొలాలకి వెళ్ళిపోయారు. నా ఏప్రన్ కింద ఒక చిన్న కెమెరా ఉంది.

కెమెరా కొరీన్‌ది. ఆమె జూన్ మొదట్లో పట్నం నుంచి వచ్చి, మా రోడ్డు చివరింటి మేడగది అద్దెకు తీసుకుంది. కార్లూ కెమెరాలూ వద్దనుకుని బతికే మా ఆమిష్ సంఘంలో కుర్రకారు రోజూ ఎలా గడుపుతారో ఫోటోలు తీస్తానని ముందుగా బిషప్ గారి దగ్గరికే వెళ్ళి అడిగింది. ఆయన సరేననలేదు, వద్దనీ అనలేదు. "మనుషుల్ని ఎదురుగా కూర్చోబెట్టి మొహాలు మాత్రం తియ్యకమ్మా" అన్నాడట. ఆమె ఆ మాట మీదే నిలబడింది. వాలీబాల్ ఆడి దుమ్ము పట్టిన కాళ్ళు తీసింది. బఠాణీలు ఒలిచే చేతులు తీసింది. కంచె మీద వరసగా కూర్చున్న కుర్రాళ్ళ వీపులు, ప్యాంటు పట్టీల మీద ఎండ పడుతుండగా తీసింది.

మా ఇంటికి గుడ్ల కోసం వచ్చేది. ఇచ్చేది నేనే. ఒకరోజు బుట్ట అందుకుంటూ, "ఎటు చూస్తున్నావు సలోమా, నాక్కూడా చెప్పవూ" అని అడిగింది. నిజానికి నేను కోళ్ళగూటి తలుపు మీద ఆరేసిన మేజోళ్ళ నీడ చూస్తున్నాను. ఎనిమిదో క్లాసు దాకా ఊరి బడిలో చదివాను, పదహారేళ్ళు ఈ ఇంట్లో పెరిగాను, ఎటు చూస్తున్నావని అంతవరకూ నన్నెవరూ అడగలేదు. మరుసటి వారం ఆమె నా చేతిలో ఆ చిన్న కెమెరా పెట్టింది.

"నన్ను రానివ్వని చోట్లకి నువ్వు వెళ్తావు కదా. నీకు కనిపించింది తియ్యి. మొహాలు వద్దు. మీవాళ్ళు వద్దన్నది ఏదీ వద్దు."

నేను తల ఊపాను. నాకు మాటలకన్నా తల ఊపడం సులువు. మాటలన్నీ నోటుబుక్కులో రాసుకుంటాను.

ఆ శనివారానికి ఆరు రోజుల ముందు నేను మొదటిసారి కుర్రకారు ఆదివారం పాటలకి వెళ్ళాను. పదహారు నిండినవాళ్ళకే అక్కడ చోటు. పాటలయ్యాక కుర్రాళ్ళు తమకి నచ్చిన ఆడపిల్లల్ని బగ్గీల్లో ఇంటి దగ్గర దింపుతారు. నన్నెవరూ అడగలేదు. పక్కింటి అన్నాచెల్లెళ్ళ బండి వెనక ఎక్కి వచ్చాను. మర్నాడు గడ్డి పనికి మాలన్ వచ్చాడు. లిడియాన్‌కి కాబోయేవాడు. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. భోజనాల దగ్గర లిడియాన్ మొదలుపెట్టింది.

"అందరూ బళ్ళెక్కుతున్నారా, మన సలోమా ఒక్కతే గోడకి ఆనుకుని నిలబడింది. అచ్చం పాలక్యాను పెట్టినట్టే."

"పాలక్యానయితే ఎవరో ఒకరు ఎత్తుకుపోదురు" అన్నాడు మాలన్.

నాన్న నవ్వాడు. ఆయన నవ్వడం అరుదు. అమ్మ, "ఊరుకోండి, పాపం" అంటూనే నవ్వు కనపడకుండా నోటికి ఏప్రన్ అడ్డం పెట్టుకుంది. నేను కూడా నవ్వాను. ఆ సంగతి నోటుబుక్కులో రాసుకోలేదు.

లిడియాన్ జుట్టు విప్పితే నడుం దాటుతుంది. మాలో పెద్దయ్యాకే బాప్తిస్మం, అది తీసుకున్నవాళ్ళకే సంఘం కట్టుబాట్లు. పోయిన ఏడు బాప్తిస్మం తీసుకున్నాక ఆ జుట్టు టోపీ లేకుండా అమ్మకీ నాకూ తప్ప ఎవరికీ కనపడలేదు. ఇక మీదట కనపడవలసింది మాలన్‌కే. తల వంచి, జుట్టంతా ముందుకు వేసుకుని వేళ్ళతో చిక్కు తీసుకుంటోంది. నేను కెమెరా బయటికి తీశాను. చప్పుడుకి తలెత్తి చూసింది.

"ఇదేంటే? ఆవిడదా?"

"ఊఁ."

"అందులో ఫిల్ము ఉందా?"

"లేదు. ఆడుకోమని ఇచ్చింది."

"ఏదీ, నన్ను తియ్యి చూద్దాం. ఎలా కూర్చోవాలి? ఇలాగా?" రెండు చేతులతో జుట్టు వెనక్కి తోసి, మెడ పైకెత్తి, సూటిగా నా వంక చూసి నవ్వింది. మాలన్ మాటకి నవ్విన నవ్వే అది.

నొక్కాను. లోపల ఫిల్ము తిరిగిన చప్పుడు చిన్నగా వినిపించింది. లిడియాన్ పట్టించుకోలేదు.

ఎందుకు తీశావని తర్వాత ఎవరైనా అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో తెలియదు. అందంగా ఉందని తీశాను. అది నిజమే. ఆ పాలక్యాను మాట ఇంకా గొంతులోనే ఉంది. అదీ నిజమే.

ఆగస్టు చివర కొరీన్ వెళ్ళిపోయే ముందు ఆ ఫోటోలు కడిగించి తెచ్చింది. గుడ్ల గది బల్ల మీద పరిచింది. లిడియాన్ ఫోటో దగ్గర ఆగిపోయింది. చాలాసేపు చూసి, దాన్ని పక్కకి పెట్టింది.

"మీ అక్కకి తెలుసా ఇది?"

తల ఊపాను.

"నలుగురిలో పెట్టినా ఫరవాలేదందా? ఆవిడ బాప్తిస్మం తీసుకుందేమో కదా."

మళ్ళీ తల ఊపాను. ఆమె నా మొహంలోకి చూసింది. నేను గుడ్ల వంక చూశాను.

"నీ పేరు వెయ్యనా కింద?"

"వద్దు" అన్నాను. ఆ రోజు నేను మాట్లాడిన మాట అదొక్కటే.

ఆ వేసవంతా అమ్మ సెలరీ అనే కాడకూర మడికి నీళ్ళు మోసింది. మాలో పెళ్ళి నవంబరులోనే, పెళ్ళి విందులో సెలరీ లేకుండా కుదరదు. ఎవరి పెరట్లో సెలరీ ఎక్కువుంటే వాళ్ళింట్లో పెళ్ళని ఊరు చెప్పేస్తుంది. అందుకని అమ్మ దాన్ని మొక్కజొన్న వెనకాల, రోడ్డు మీదికి కనపడకుండా వేసింది. నాలుగు వందల మొదళ్ళు. కాడలు తెల్లగా రావాలని ఒక్కో మొదలుకీ మట్టి ఎగదోసింది.

సెప్టెంబరు రెండో వారంలో ఒక సాయంత్రం డీకన్ ఐజాక్ గారి బగ్గీ మా దారిలోకి తిరిగింది. మాలో డీకన్, అంటే బిషప్ గారి తర్వాతి సంఘం పెద్ద, రెండు పనుల మీదే ఇంటికి వస్తాడు. మగపిల్లాడి తరఫున పెళ్ళి మాట అడగడానికి వస్తాడు, తప్పు చేసినవాళ్ళని నిలదీయడానికి వస్తాడు. మా ఇంట్లో ఎవరికీ రెండోది తట్టలేదు.

"వచ్చేశాడు" అంది అమ్మ కిటికీలోంచి. "లిడియాన్, పైకి వెళ్ళి ఇస్త్రీ చేసిన టోపీ పెట్టుకో. సలోమా, ఆ పీచ్ పళ్ళ రొట్టె తీసి కొయ్యి. ఏమండీ, చేతులన్నా కడుక్కోండి."

డీకన్ గారు లోపలికొచ్చి టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. వానల గురించి మాట్లాడారు. అమ్మ నవ్వు ఆపుకోలేక పళ్ళేలు సర్దుతోంది. లిడియాన్ మెట్లు దిగి వచ్చి నిలబడింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"కూర్చోమ్మా" అన్నారాయన. కోటు లోపలి నుంచి మడిచిన కాగితం తీసి, అచ్చు కిందికి ఉండేలా బల్ల మీద పెట్టారు. "పట్నం గ్రంథాలయంలో ఫోటోలు పెట్టారట, దాని ప్రకటన. మా పిల్ల సూజీ బజారుకి వెళ్ళినప్పుడు గోడ మీద చూసింది. ఇది నువ్వేనా?"

లిడియాన్ కాగితం తిప్పింది. దుప్పటంత జుట్టు, పైకెత్తిన మెడ, నవ్వు. అమ్మ చేతిలో పళ్ళెం బల్లకి తగిలింది.

లిడియాన్ ఫోటో వంక ఎక్కువసేపు చూడలేదు. నా వంక చూసింది.

"నేనే" అంది.

"ఎవరి ముందు కూర్చున్నావు?"

"ఎవరి ముందూ కూర్చోలేదు. ఫోటో పడుతుందని తెలీదు నాకు."

"తెలియకపోతే ఎదురుగా చూసి నవ్వుతావా తల్లీ?" ఆయన గొంతు పెంచలేదు. అడిగింది కూడా జాలిగానే.

ఆమె మళ్ళీ నా వంక చూసింది. ఎదురుచూసింది. పొయ్యి మీద కెటిల్ కూత పెడుతోంది, ఎవరూ దించలేదు. నేను పీచ్ రొట్టెని ఆరు ముక్కలు కోశాను. ఆరుగురం లేము. నాయనమ్మని కలుపుకున్నాననుకుంటాను.

"సాకులు చెప్పకు" అన్నాడు నాన్న లిడియాన్‌తో. "తప్పయిందని ఒప్పుకో."

"తప్పయింది. జుట్టు విప్పుకుని వెకిలిగా కూర్చోవడం తప్పే. కానీ తెలిసి కూర్చున్నానని చెప్పను. తెలీదు కాబట్టి చెప్పను."

డీకన్ గారు కాగితం మడిచి లోపల పెట్టుకున్నారు. "సగం ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టు కాదమ్మా. ఆదివారం లోపల ఆలోచించుకో." రొట్టె ముక్క ఎవరూ ముట్టలేదు.

మాకు చర్చి ఉండదు, వంతుల వారీగా ఇళ్ళల్లోనే ఆరాధన; ఆ ఆదివారం మావాళ్ళలో ఒకరి కొట్టంలో జరిగింది. ఆరాధనయ్యాక బాప్తిస్మం లేనివాళ్ళందరినీ బయటికి పంపేశారు. సంఘం మాత్రం లోపల మిగిలింది. నేను ఎవరో అందించిన పసిపాపని ఎత్తుకుని పెరట్లో బండి దగ్గర నిలబడ్డాను. కాసేపటికి తలుపు తీసుకుని లిడియాన్ కూడా బయటికి వచ్చింది. ఎవరి సంగతి తేలుస్తారో వాళ్ళు లోపల ఉండకూడదు. వచ్చి నా పక్కనే బండి కాడి మీద కూర్చుంది. లోపల డీకన్ గారు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి అడుగుతారు, ఒక్కొక్కరూ ఆ శిక్షకి ఒప్పుకున్నామని చెప్పాలి. అమ్మ చెప్పాలి, నాన్న చెప్పాలి, మాలన్ కూడా చెప్పాలి.

"ఫిల్ము ఉందని నీకు తెలుసు" అంది.

నేను పాప టోపీ సర్దాను.

"నేను చెప్తే తప్పించుకోడానికి చెల్లెలి మీదికి తోసిందంటారు. ఎవరూ నమ్మరు. నువ్వే చెప్పాలి. నీకేమీ అవదే, నీకు బాప్తిస్మం లేదు. నాన్న ఓ గంట తిడతాడు, అంతే." ఆగింది. "వెళ్ళి తలుపు కొట్టు చాలు. నువ్వు నిలబడు. నేను అడుగుతా, నువ్వు తల ఊపు. తల ఊపడం వచ్చుగా."

కొట్టం తలుపు మా ఇద్దరికీ పదిహేను అడుగుల దూరంలో ఉంది. లోపల మగవాళ్ళ గొంతులు ఒకటి తర్వాత ఒకటి, తక్కువ స్వరంలో, ఒకే మాట.

"పాప నిద్రపోతోంది" అన్నాను.

లిడియాన్ పాప మొహం చూసింది. పాప కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

అప్పుడు తలుపు తీసి ఎవరో ఆమెని పిలిచారు. ఆరు వారాలు వెలి వేశారు.

వెలి అంటే ఇంట్లోంచి పంపెయ్యడం కాదు. అమ్మ వంటగదిలో పెద్ద బల్లకి జానెడు దూరంగా ఒక చిన్న బల్ల వేసింది. దాని మీద వేరే గుడ్డ పరిచింది. లిడియాన్ వండొచ్చు, ఊడవొచ్చు, ఆవుల్ని పితకొచ్చు. ఆమె చేతి నుంచి మాత్రం బాప్తిస్మం తీసుకున్నవాళ్ళెవరూ ఏదీ అందుకోకూడదు. అమ్మ అందుకోకూడదు. నాన్న అందుకోకూడదు. నాయనమ్మ కూడా, మంచంలో పడుకునే, "అక్కడ పెట్టు, నేను తీసుకుంటా" అంటుంది.

నాకు బాప్తిస్మం లేదు కాబట్టి నా చేతులకి అడ్డు లేదు.

"సలోమా, దాని దగ్గర్నుంచి ఆ గిన్నె తీసుకో."

"సలోమా, దాన్నడిగి ఉప్పు ఇటివ్వు."

ఆరు వారాలూ ఇంట్లో అందరి మధ్యా నేనే తిరిగాను. రోజుకి ఇరవైసార్లు లిడియాన్ చేతిలోంచి ఏదో ఒకటి అందుకున్నాను. పాలచెంబు, వేడి నూడుల్స్ గిన్నె, మడిచిన తువ్వాళ్ళు. ప్రతిసారీ ఆమె వెంటనే వదిలేది కాదు. ఒక్క క్షణం తనవైపే పట్టుకుని ఉంచి, తర్వాత వదిలేది. మొదటి వారం నా మొహంలోకి చూసేది. మూడో వారం నుంచి గిన్నెలోకే చూసింది.

"మన సలోమా లేకపోతే ఈ ఇల్లు నడిచేది కాదు" అన్నాడు నాన్న ఒకరోజు. నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. నోటుబుక్కులో ఆ వారం మూడు పేజీల్లో 'రేపు చెప్తాను' అని ఉంది. తేదీలు వేరు.

అయిదో వారం చివర చెప్పాను. అమ్మ ఒక్కతే నేలమాళిగలో సీసాలు సర్దుతోంది. మెట్ల మీద కూర్చుని, మోకాళ్ళలో తల పెట్టుకుని, మొత్తం చెప్పేశాను. ఫిల్ము సంగతి, కొరీన్ అడిగితే తల ఊపిన సంగతి, పెరట్లో పాప సంగతి. అమ్మ సీసాలు సర్దడం ఆపలేదు.

"ఇప్పుడా చెప్పడం" అంది చివరికి.

"భయమేసిందమ్మా."

"నేను అందరితో పాటు ఒప్పుకున్నానని చెప్పానే. నా నోటితో. అబద్ధమాడిందని కన్నకూతుర్ని వెలివేశాను." ఒక సీసా మూత గట్టిగా బిగించింది. "మీ నాన్నకి ఈ మాట చెప్పకు. ఆయన తట్టుకోలేడు. ఇంకో వారమేగా. అది మోకాళ్ళ మీద కూర్చుని, తెలిసే చేశానని ఒక్క మాట అంటే అయిపోతుంది. నవంబరులో పెళ్ళి చేసేద్దాం. అన్నీ సర్దుకుంటాయి."

"అది తెలిసి చెయ్యలేదుగా."

"లేచి ఆ పీచ్ సీసాలు అందుకో."

ఆరు వారాలు నిండిన ఆదివారం లిడియాన్ ఒప్పుకుంది. అమ్మ ఆమెకేం చెప్పిందో నాకు తెలియదు. నన్ను మామూలుగానే బయటికి పంపేశారు. తర్వాత అమ్మే చెప్పింది: మోకాళ్ళ మీద కూర్చుని, తెలిసే కూర్చున్నానని, మొదట కాదన్నది అహంకారమని, గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పిందట. బిషప్ గారు చెయ్యి పట్టుకుని లేపారట. ఆయన భార్య ముద్దు పెట్టుకుందట. ఆ మధ్యాహ్నం అమ్మ చిన్న బల్ల తీసేసి, గుడ్డ ఉతికి, లిడియాన్ చేతిలోంచి రొట్టె అందుకుంది. అందుకుని ఏడ్చింది. లిడియాన్ ఏడవలేదు.

పెళ్ళి సంగతి సంఘంలో ప్రకటించడానికి ఇంకా రెండు వారాలున్నాయి. మంగళవారం మొక్కజొన్న కోతకి మాలన్ వచ్చాడు. పని అయ్యాక కొట్టంలో గుర్రాలు విప్పుతుంటే లిడియాన్ నీళ్ళ బకెట్టు తీసుకుని వెళ్ళింది. నేను పైన గడ్డి అటక మీద ఉన్నాను. నేనున్నానని ఇద్దరికీ తెలుసు. పాలక్యాను ఉంటే ఎవరు పట్టించుకుంటారు.

"మొదట తెలీదన్నావు" అన్నాడు మాలన్. "ఇప్పుడు తెలుసన్నావు. రెండిట్లో ఒకటి అబద్ధం కదా."

"అవును."

"ఏది?"

లిడియాన్ బకెట్టు కింద పెట్టింది. గుర్రం తాగుతున్న చప్పుడు.

"ఏదో ఒకటి చెప్పు లిడియాన్. మొదటిదంటే సంఘానికి అబద్ధం చెప్పావనుకుంటా. రెండోదంటే దేవుడికి చెప్పావనుకుంటా. ఎలాగూ ఒకటి అనుకోవాలిగా నేను."

"నువ్వేది అనుకుంటే నీకు బాగుంటుందో అది అనుకో."

"మా నాన్న అంటున్నాడు..." అని ఆగిపోయాడు. వాళ్ళ నాన్న ఏమన్నాడో చెప్పలేదు. కళ్ళెం మేకుకి తగిలించాడు, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "ఊళ్ళో నీ జుట్టు చూడనివాణ్ణి నేనొక్కణ్ణే" అన్నాడు. హాస్యానికే అని ఉంటాడు. అతనికి అలవాటు. లిడియాన్ కూడా చిన్నగా నవ్వింది. అతను బగ్గీ ఎక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ప్రకటన ఆదివారం బిషప్ గారు తొమ్మిది జంటల పేర్లు చదివారు. వాళ్ళిద్దరి పేర్లు అందులో లేవు.

నవంబరంతా మేము సెలరీ తిన్నాం. కాడలు ఉడికించి, పాలు పోసి. పులుసులో. పచ్చివి. నాలుగు వందల మొదళ్ళలో ఒక్కటి కూడా పాడవలేదు, తెల్లగా, కరకరలాడుతూ వచ్చాయి.

"ఇవాళ కూడా ఇదేనా" అన్నాడు నాన్న ఒక రాత్రి.

"పెంచింది నేనేగా. తినండి" అంది అమ్మ.

లిడియాన్ తన వాటా మొత్తం తిని, పళ్ళెం రొట్టెతో తుడిచింది.

నెలాఖరులో ఒక ఉదయం ఆమె నాయనమ్మ వాటాలోకి మారింది. ఒకే ఇల్లు, మధ్యలో ఒక గోడ. రాత్రిళ్ళు నాయనమ్మని చూసుకోడానికని అమ్మతో చెప్పింది. రెండు నీలం గౌన్లు, బైబిలు, కుట్టుపెట్టె తనే మోసుకెళ్ళింది. తలగడ మరిచిపోయింది. మరిచిపోలేదేమో కూడా. నేను అది తీసుకుని వెనకాలే వెళ్ళాను. మధ్య గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"అక్కా, డీకన్ గారింటికి వెళ్తున్నా. ఇవాళే. ఆయనకి చెప్పేస్తా, మాలన్‌కి కూడా చెప్తా."

ఇంత పొడుగు వాక్యం నేను ఆమెతో ఎన్నాళ్ళకో అనడం. ఆమె తలగడ అందుకుంది.

"ఏం చెప్తావు?"

"ఫిల్ము ఉందని నాకు తెలుసని. నీకు తెలీదని."

"అయితే నేను మోకాళ్ళ మీద కూర్చుని అందరి ముందూ అబద్ధం చెప్పినట్టేగా." గొంతులో కోపం లేదు. పొయ్యిలో కట్టెలున్నాయా అని అడిగినట్టే అడిగింది. "దానికి ఎన్ని వారాలు వేస్తారో తెలుసా?"

తల అడ్డంగా ఊపాను.

"నాకూ తెలీదు. మనలో ఇంతవరకూ ఎవరూ అలా చెయ్యలేదు."

ఆ మాట నాకు మెల్లగా అర్థమయింది. నేను నోరు విప్పితే ఆమెని ఆదుకోగలిగిన రోజులు ఎన్నో ఉండేవి. ఇప్పుడు విప్పితే మళ్ళీ వెలి.

"మరి నేనేం చెయ్యను?"

"నీకు బాగా వచ్చిన పనే చెయ్యి. ఏమీ మాట్లాడకు."

లోపలి నుంచి నాయనమ్మ మంచం కిర్రుమంది. "ఎవరే గుమ్మంలో?"

"ఎవరూ లేరు నాయనమ్మా" అని లిడియాన్ తలుపు వేసేసింది.